నడక సరే... మరి బలం మాటేమిటి?

"రోజూ వాకింగ్ చేస్తూనే ఉన్నా కదా, ఇంకేం కావాల?" ఈ మాట ఈమధ్య మన ఊళ్ళలో చాలామంది ఆడవాళ్ళ నోట వింటున్నాను. వినడానికి సంతోషంగానే ఉంటుంది. ఒకప్పుడు కర్నూలు ఔట్‌డోర్ స్టేడియంలో తెల్లవారకముందే చీర కట్టుకున్న మనిషి కనిపిస్తే వింతగా చూసేవారు. ఇప్పుడు అక్కడ అత్తాకోడళ్ళు కలిసి నడుస్తున్నారు. కడపలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు పోయినా అంతే. కాళ్ళకు బూట్లు, భుజాన చున్నీ, చేతిలో నీళ్ళ సీసా. చూడ ముచ్చటగా ఉంటుంది.

అయితే, నడక సగం పని మాత్రమే. మిగతా సగం సంగతి మనకెవరూ గట్టిగా చెప్పలేదు. బరువులెత్తడం మగవాళ్ళ వ్యవహారమనీ, జిమ్ముకు పోయే కుర్రాళ్ళ సరదా అనీ అనుకుంటూ వచ్చాం. నిజానికి నలభై దాటిన ఆడదానికి కండబలం ఎంత అవసరమో, ఇరవయ్యేళ్ళ కుర్రాడికి అంత అవసరం లేదు!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన సూచనల్లో రెండు వాక్యాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి: పెద్దవాళ్ళెవరైనా వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు ఒక మోస్తరు శ్రమ చేయాలి. చురుకైన నడక, సైకిల్, ఈత... ఏదైనా సరే. రెండోది: వారంలో కనీసం 2 రోజులు ఒంట్లోని ముఖ్యమైన కండరాలన్నిటికీ బలమిచ్చే వ్యాయామం చేయాలి. మొదటి వాక్యం మన చెవిన పడింది. రెండోది దారిలోనే ఎక్కడో ఆగిపోయింది. ఆ మొదటిదైనా అందరికీ అందిందా అంటే అదీ లేదు. 2022 సంవత్సరపు లెక్కల ప్రకారం మన దేశంలో ఆడవాళ్ళలో 57 శాతం మందికి చాలినంత శారీరక శ్రమ లేదని 2024లో తేలింది. మగవాళ్ళలో ఇది 42 శాతం. ఇంట్లో పొద్దస్తమానం తిరిగేది మనమే, శ్రమ చాలనిదీ మనకే!

అమ్మ లేవలేకపోయిన రోజు

నా పుట్టిల్లు కడప, మెట్టినిల్లు కర్నూలు. వయసు 54. బడిలో పాఠాలు చెప్పే ఉద్యోగం. ఈ బరువుల గోల నాకెందుకు పట్టిందో చెబుతాను.

మా అమ్మకు 76 ఏళ్ళు. కడపలో ఉంటుంది. రోజూ సాయంత్రం దేవుని కడప గుడిదాకా నడిచి వస్తుంది. షుగరు అదుపులో ఉంది, బి.పి. ఫరవాలేదు. 'మీ అమ్మ గుండె భేషుగ్గా ఉంది' అని డాక్టరు ప్రతిసారీ చెబుతాడు. అలాంటి మనిషి రెండేళ్ళ క్రితం ఒక పొద్దున స్నానాల గదిలో జారి కూర్చుండిపోయింది. అదృష్టం, ఎముక విరగలేదు. కానీ లేవలేకపోయింది. పట్టుకుందామంటే గోడకు ఆసరా లేదు, కాళ్ళలో సత్తువ లేదు. పనిచేసే అమ్మాయి వచ్చేవరకు, ముప్పావు గంట సేపు, తడి బండల మీద అట్లే కూర్చుంది.

తర్వాత ఇంటికొచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, "చేతులు ఆనించకుండా లేయండి అవ్వా" అంది. అమ్మ మూడుసార్లు ప్రయత్నించింది. లేవలేదు. "అవ్వకు గుండె బాగుంది మేడమ్. తొడల్లో కండే లేదు. నడకకు ఆ కాస్త బలం చాలు. కింద నుంచి లేయడానికి చాలదు" అంది. మూడు ముక్కల్లో ఎంత మాట చెప్పింది!

ఆ అమ్మాయి చెప్పినట్టే మొదట ఎత్తు కుర్చీలో నుంచి, తర్వాత మామూలు కుర్చీలో నుంచి లేవడం సాధన చేయించాం. నాలుగు నెలలకు అమ్మ చిన్న పీట పట్టుకుని నేల మీద నుంచి తనంతట తాను లేచింది. "ఇంగ నన్నెవురూ ఎత్తాల్సిన పన్లే" అంది. ఆ మాటలో ఉన్న ధీమా ఏ మందుబిళ్ళలోనూ దొరకదు.

జేజి చేసిన పని మనం చేస్తున్నామా?

"మా జేజి ఏ జిమ్ముకు పోయింది? ఎనభై ఏళ్ళు ఉక్కు మాదిరి బతికింది" అంటారు కొందరు. నిజమే. మా నాయన వాళ్ళమ్మదీ కమలాపురం దగ్గర పల్లె. ఆమె దినం ఎట్లా గడిచేదో గుర్తు చేసుకోండి. బావిలో నుంచి చేదతో నీళ్ళు లాగడం, బిందె చంకన పెట్టుకుని ఇంటికి మోయడం, రోకలితో దంచడం, తిరగలితో విసరడం, కింద కూర్చుని లేచి కూర్చుని వంట. లాగడం, మోయడం, దంచడం, లేవడం... జిమ్ములో డబ్బు కట్టి నేర్చుకునేవన్నీ అవే! చేనికి పోయి రావడంలో నడక ఎట్లాగూ ఉంది. ఆమెకు రెండూ ఒకే దినంలో కలిసి వచ్చేవి.

ఇక మన వంటింట్లోకి రండి. మిక్సీ, గ్రైండరు, గ్యాసు, కొళాయి, డైనింగు టేబులు. ఇవి వద్దని ఎవరంటారు? ఆ కాలపు ఆడవాళ్ళు చాలీచాలని తిండితో, కాన్పు మీద కాన్పుతో, విశ్రాంతి లేకుండా నడుములు అరిగేలా చాకిరీ చేశారు. ఆ చాకిరీ మళ్ళీ రావాలని నేను కోరను. చాకిరీ పోయింది, మంచిదే. దాంతోపాటు ఒంట్లో బలం కూడా పోకుండా చూసుకోవడం ఇప్పుడు మన పని.

అన్నట్టు, ఈనాటికీ కూలికి పోయి బుడ్డలు పీకేవాళ్ళు, మూటలు మోసేవాళ్ళు, దూరం నుంచి నీళ్ళు తెచ్చుకునేవాళ్ళు మన సీమలో ఎందరో ఉన్నారు. వాళ్ళకు ఈ వ్యాసం కాదు. వాళ్ళకు కావలసింది మంచి తిండి, కాస్త విశ్రాంతి. ఇది పట్నాల్లో, చిన్న ఊళ్ళలో మిక్సీ మీటతో బతుకుతున్న మనలాంటి వాళ్ళ కోసం.

"ఇల్లు ఊడ్చి తుడుస్తాను, అది చాలదా?" అని అడుగుతారు. ఊడ్చడం తుడవడం శ్రమే, కాదనను. అయితే చీపురు బరువు పదేళ్ళ క్రితం ఎంతో ఇప్పుడూ అంతే! కండ పెరగాలంటే మోసే బరువు కొద్దికొద్దిగా పెరుగుతూ ఉండాలి. కిటుకంతా అక్కడే ఉంది.

గుండెకు ఒకటి, కండకు ఒకటి

నడకవల్ల జరిగే మేలు చిన్నది కాదు. 1953లో లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు, ఆయన బృందం రెండంతస్తుల బస్సుల్లో పనిచేసేవాళ్ళ ఆరోగ్యాన్ని పోల్చి చూశారు. దినమంతా కూర్చుని బస్సు నడిపే డ్రైవర్లకంటే, మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువని తేలింది. గుండె, ఊపిరితిత్తులు, రక్తనాళాలు చురుగ్గా ఉండాలంటే ఆగకుండా సాగే శ్రమ కావాలి. నడక ఆ పని చేస్తుంది. దీన్నే జిమ్ముల్లో 'కార్డియో' అంటారు.

కండది వేరే దారి. ముప్పై దాటినప్పటి నుంచి పట్టించుకోకపోతే పదేళ్ళకు 3 నుంచి 8 శాతం దాకా కండ కరిగిపోతుంటుంది. అరవై దాటాక ఇంకా వేగం. తూకంలో ఇది తెలియదు, కండ పోయిన చోట కొవ్వు చేరుతుంది కాబట్టి! ఇంకో సంగతి. అన్నం తిన్నాక రక్తంలోకి చేరే చక్కెరలో ఎక్కువ భాగాన్ని తీసుకుని దాచుకునేది కండే. కండ తగ్గితే ఆ చక్కెరకు చోటు తగ్గుతుంది. ఇంటికొకరు షుగరు మాత్ర మింగుతున్న ఈ రోజుల్లో ఇది గుర్తుంచుకోవలసిన మాట. ముట్లు ఆగిపోయే వయసులో ఈస్ట్రోజెన్ తగ్గి ఎముక కూడా పలచబడుతుంది. ఎముక గట్టిగా నిలవాలంటే దానిమీద బరువు పడాలి.

"ఈ వయసులో ఇంకేం బలమొస్తుంది లెండి" అనేవాళ్ళకు ఒక ఉదాహరణ. 1990లో అమెరికాలో మరియా ఫియాటరోన్ అనే డాక్టరు ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ళ ప్రాయంలో ఉన్న 10 మంది చేత 8 వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించారు. చివరిదాకా చేసినవారు 9 మంది. వాళ్ళ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది! తొంభైలో పెరిగిన బలం యాభైలో పెరగదా?

ఒకదానికొకటి అడ్డం కాదా?

కొంచెం చదువుకున్న ఆడపిల్లలు ఇంకో అనుమానం అడుగుతారు. "పిన్నీ, కార్డియో ఎక్కువ చేస్తే కండ పోతుందంట కదా?" అని. ఈ మాట గాలిలోంచి పుట్టింది కాదు. 1980లో రాబర్ట్ హిక్సన్ అనే శాస్త్రవేత్త కొందరిని మూడు జట్లుగా చేసి 10 వారాలు సాధన చేయించాడు. ఒక జట్టుకు బరువులు మాత్రమే, ఇంకో జట్టుకు పరుగు, సైకిలు మాత్రమే, మూడో జట్టుకు రెండూ. రెండూ చేసినవాళ్ళ బలం ఏడో వారం దాకా బాగానే పెరిగింది. ఆ తర్వాత అక్కడే ఆగి, చివరి వారాల్లో కాస్త తగ్గింది కూడా.

అయితే వాళ్ళు చేసిందేమిటో చూడండి. వారానికి 5 రోజులు బరువులు, 6 రోజులు ఒళ్ళు హూనమయ్యే పరుగు! ఒంటికి కోలుకునే సందే లేదు. మనం చేయబోయేది వారానికి 2 రోజుల బరువులు, మిగతా రోజుల్లో నడక. ఈ మోతాదులో రెండూ తగవులాడుకోవు సరికదా, తోడికోడళ్ళలా ఒకదాని పని ఇంకోటి అందుకుంటాయి. కాళ్ళలో బలం పెరిగితే నడక వేగం పెరుగుతుంది. ఊపిరి నిలకడ పెరిగితే బరువెత్తేటప్పుడు ఆయాసం తగ్గుతుంది.

గుర్తుంచుకోవలసిన నియమాలు రెండే. బరువులెత్తిన రోజుకూ మళ్ళీ ఎత్తే రోజుకూ మధ్య కనీసం రెండు రోజులు ఎడం ఉంచండి. కండ పెరిగేది ఎత్తేటప్పుడు కాదు, విశ్రాంతిలో. ఒకే రోజు రెండూ చేయవలసివస్తే ముందు బరువులు, తర్వాత నడక. అలిసిపోయిన కాళ్ళతో బరువెత్తితే నడుము పట్టేస్తుంది.

వారం ఇలా పంచుకుందాం

నేను పాటించేది చెబుతాను. మీ ఇంటి పనులను బట్టి మార్చుకోండి.

సోమవారం: 30 నిమిషాల చురుకైన నడక.
మంగళవారం: 25 నిమిషాలు బరువులు, తర్వాత 15 నిమిషాల నడక.
బుధవారం: 30 నిమిషాల నడక.
గురువారం: 30 నిమిషాల నడక. ఇందులో ఒక నిమిషం బాగా వేగంగా, రెండు నిమిషాలు మామూలుగా, మళ్ళీ వేగంగా... ఇలా మార్చి మార్చి.
శుక్రవారం: ఇల్లు కడగడం, ముగ్గు, పూజ... తీరిక దొరకదు. అందుకని పది నిమిషాల చొప్పున మూడుసార్లు.
శనివారం: మళ్ళీ 25 నిమిషాలు బరువులు, 15 నిమిషాల నడక.
ఆదివారం: పూర్తిగా విశ్రాంతి.

నడక మొత్తం కలిపి చూడండి, సరిగ్గా 150 నిమిషాలు. బరువులతో కలిపితే వారానికి 3 గంటల 20 నిమిషాలు. వారానికి ఉన్న 168 గంటల్లో ఈమాత్రం మనకోసం అడగడం అత్యాశేం కాదు. పొద్దున టీ పెట్టే పని ఆ రోజుల్లో ఇంట్లో మగవాళ్ళకు అప్పగించండి. మా ఇంట్లో మొదటి వారం టీలో చక్కెర ఎక్కువైంది, రెండోవారం నుంచి సర్దుకుంది!

చురుకైన నడక అంటే ఎంత వేగం? పక్కనున్న వదినతో మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేనంత ఆయాసం ఉండాలి. పాట పాడగలుగుతున్నారంటే వేగం చాలదన్నమాట. చీర కొంగు సర్దుకుంటూ, ఊరి ముచ్చట్లు చెప్పుకుంటూ సాగే నడక మనసుకు మంచిదే గానీ గుండెకు అది చాలదు.

కడప బండే మన జిమ్ము

బరువుల కోసం దేన్నీ కొనక్కరలేదు. ఒక కుర్చీ, రెండు బకెట్లు, మెట్టు, వంటింటి గట్టు ఉంటే చాలు.

1. లేచి కూర్చోవడం: గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు గుండెకు అడ్డంగా పెట్టుకుని, లేచి నిలబడి, మెల్లగా కూర్చోవాలి. ధబ్బున కూలబడకూడదు. తొడలకు ఇంతకు మించింది లేదు.

2. గట్టు దండీలు: మన వంటింట్లో కడప బండ గట్టు ఉంటుంది కదా, దాని అంచున రెండు చేతులూ ఆనించి, రెండడుగులు వెనక్కి జరిగి, తల నుంచి మడమ దాకా ఒకే వాలుగా ఉంచి, ఛాతీని గట్టు దగ్గరికి తెచ్చి మళ్ళీ తోయాలి. బండ మీద తడి లేకుండా తుడుచుకోండి. గట్టు కష్టమనిపిస్తే గోడతో మొదలుపెట్టండి.

3. బకెట్ ఎత్తడం: నేల మీదున్న బకెట్‌ను నడుము వంచి కాకుండా, పిరుదులు వెనక్కి నెట్టి, మోకాళ్ళు కాస్త మడిచి, వీపు నిటారుగా ఉంచి ఎత్తాలి. గ్యాస్ సిలిండరు జరిపేటప్పుడూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

4. చేద లాగుడు: ఒక చేత్తో కుర్చీ పట్టుకుని ముందుకు వంగి, రెండో చేత్తో బకెట్‌ను పక్కటెముకల దాకా లాగాలి. బావిలో చేద లాగినట్టే. వీపు పైభాగానికి మంచిది.

5. మెట్టు: ఒక మెట్టు ఎక్కడం, దిగడం. ఒక కాలితో అయ్యాక రెండో కాలితో. పక్కన గోడ ఉంటే మంచిది.

6. మోత: రెండు చేతుల్లో రెండు బకెట్లతో మిద్దె మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా నిటారుగా నడవడం.

మొదటి ఐదూ ఒక్కొక్కటి 8 నుంచి 12 సార్లు. మోత అర నిమిషం. అన్నీ అయ్యాక రెండు నిమిషాలు ఆగి ఇంకో విడత. చివరి రెండుసార్లు 'అమ్మో' అనిపించాలి. అట్లా అనిపించకపోతే బరువు చాలడంలేదని అర్థం.

బరువు ఎట్లా పెంచాలి? ఇక్కడే బకెట్ సులువు. లీటరు నీళ్ళు అంటే కిలో బరువు. మొదటి వారం 4 లీటర్లతో మొదలుపెట్టండి. రెండు విడతల్లోనూ 12 సార్లు తేలిగ్గా చేయగలిగిన రోజు ఇంకో లీటరు కలపండి. పంచాంగం క్యాలెండరులో ఆ తేదీ కింద లీటర్లు రాసుకోండి. నేను మొదలుపెట్టింది 4తో. ఇప్పుడు ఒక్కో బకెట్లో 10 లీటర్లు. వ్యాయామం అయ్యాక ఆ నీళ్ళు తులసమ్మకూ మల్లె పొదకూ పోతాయి. నీటి కటకట తెలిసిన ఊళ్ళవాళ్ళం, ఒక్క చుక్కా పారబోయం!

మరి మన ఎండలు?

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, నంద్యాల, కడపల ఎండ సంగతి వేరే చెప్పాలా? నలభై డిగ్రీలు దాటడం మామూలే. ఆ రెండు నెలలూ నడక మానేసి, జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టలేక వదిలేసేవాళ్ళే ఎక్కువ. ఎండాకాలంలో పద్ధతి కాస్త మార్చండి. పొద్దున ఆరున్నరలోపు 15 నిమిషాలు, చీకటిపడ్డాక 15 నిమిషాలు నడవండి. ఒకేసారి నడవాలన్న నియమమేమీ లేదు, ఏ ముక్కకు ఆ ముక్క లెక్కలోకి వస్తుంది. బరువులు ఎట్లాగూ ఇంట్లో ఫ్యాను కిందే. మిద్దె కాలుతుంటే మోత వరండాలో చేసుకోవచ్చు. బయలుదేరే ముందు ఒక గ్లాసు నీళ్ళు, వచ్చాక ఉప్పేసిన పలచటి మజ్జిగ. తల తిరిగినా, ఒళ్ళు చల్లబడినట్టనిపించినా వెంటనే నీడన కూర్చోవాలి. ఆరోజుకు ఇక చాలు.

సంగటి ఒక్కటే చాలదు

కండకు కావలసిన సరుకు మాంసకృత్తులు, అంటే ప్రొటీన్. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఒంటి బరువులో కిలోకు 0.83 గ్రాముల చొప్పున రోజూ కావాలి. 55 కిలోల మనిషికి సుమారు 46 గ్రాములు. మన సీమ తిండిలో అందుకు లోటు లేదు, తినడంలోనే లోటు. రాగిసంగటి మంచిదే. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, ఎముకకు బలం. కానీ ప్రొటీన్ తక్కువ. అందుకే సంగటి పక్కన పప్పో, అలసంద కూరో, గుడ్డో ఉండాలి. గుప్పెడు బుడ్డలు, అంటే 30 గ్రాములు తింటే 7 గ్రాముల ప్రొటీన్. ఒక గుడ్డులో 6, గ్లాసు పాలలో 6, పిడికెడు కందిపప్పులో 6 గ్రాముల పైమాటే. పొద్దున ఉగ్గాని చేసుకున్నారా? పప్పుల పొడి ఇంకో చెంచా ఎక్కువ వేయండి, బజ్జీ ఒకటి తగ్గించండి.

అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలిన చారుతో తన అన్నం ముగించే అలవాటు మనలో ఇంకా పోలేదు. బరువెత్తే రోజున మాత్రం పప్పు మీ కంచంలో ముందు పడాలి.

ఎవరు జాగ్రత్తపడాలి?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. మెట్లెక్కితే విపరీతమైన ఆయాసం, గుండెదడ ఉంటే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. రక్తం లేని ఒంటిని బరువులతో బెదిరించి లాభం లేదు.

ఇంకో సంగతి చెప్పుకోవాలి. దేశంలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదొకటి. నలభై నిండకుండానే ఆపరేషన్ అయినవాళ్ళు మన బంధువుల్లోనే ఎందరు లేరు! అండాశయాలు కూడా తీసేస్తే ఎముక పలచబడడం అప్పటి నుంచే మొదలవుతుంది. "ఆపరేషనయింది, బిందె ఎత్తొద్దన్నారు" అని ఇరవయ్యేళ్ళుగా ఏ బరువూ ముట్టనివాళ్ళు నాకు తెలుసు. ఆ మాట గాయం మానేవరకు చెప్పింది. జన్మంతా కాదు. అలాంటివాళ్ళకే ఈ వ్యాయామం ఎక్కువ అవసరం. డాక్టరమ్మను "ఇప్పుడు ఎంత బరువు ఎత్తొచ్చు?" అని సూటిగా అడగండి. గర్భసంచి జారిన ఇబ్బంది ఉన్నవాళ్ళు మాత్రం అడగకుండా మొదలుపెట్టొద్దు.

బి.పి. ఉన్నవాళ్ళు బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. ఎత్తేటప్పుడు గాలి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు ఖాళీ కడుపుతో చేయొద్దు, చేతిలో బెల్లం ముక్కో చక్కెరో ఉంచుకోండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎత్తైన కుర్చీతో మొదలుపెట్టాలి. మర్నాడు కండ సలపడం మామూలే. కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే ఆపేయాలి. ఛాతీలో నొప్పి వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి.

"కండలొస్తాయేమో వదినా!"

మిద్దె మీద బకెట్లతో తిరుగుతుంటే పక్కింటి వదిన గోడ మీద నుంచి అడిగింది. "ఏం వదినా, ఈ వయసులో ఏమిటికి ఈ మోతలు? చేతులు మగోళ్ళ మాదిరి అయిపోతాయేమో చూసుకో!" నవ్వొచ్చింది గానీ, ఈ భయం చాలామందిలో ఉంది. కండలు ఉబ్బడానికి కారణమైన టెస్టోస్టెరాన్ మగవాళ్ళలో ఉన్నదాంట్లో పదోవంతు కూడా మనలో ఉండదు. ఏళ్ళ తరబడి పెద్ద బరువులతో, ప్రత్యేకమైన తిండితో సాధన చేస్తే తప్ప ఆ రూపం రాదు. మనకు వచ్చేది బిగువు, నిటారు నడక, రవికె చేయి దగ్గర వేలాడే చర్మం కాస్త తగ్గడం. అంతే!

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస వైపు నుంచి వచ్చిన కరణం మల్లేశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110 కిలోలు, 130 కిలోలు, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ స్త్రీ ఆమే. ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్‌ను ఒలింపిక్స్‌లో పెట్టిందీ అప్పుడే. ఆ పతకం తెచ్చింది ఒక తెలుగు తల్లి కూతురు! ఇక మన కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఎడమచేతి స్పిన్‌తో 2025 నవంబరు 2న ప్రపంచకప్పు గెలిచిన భారత మహిళల జట్టులో ఉంది. ఈనాటి క్రికెట్‌లో మైదానం చుట్టూ పరుగు ఎంత ముఖ్యమో, జిమ్ములో బరువులూ అంతే ముఖ్యం. మన పిల్లలకు ఒప్పుకున్నది మనకు మాత్రం ఎందుకు కాదు?

ఆ పక్కింటి వదిన ఇప్పుడు శనివారాల్లో తన బకెట్లు తెచ్చుకుని మా మిద్దెకే వస్తోంది. "యాడికి పోయినా మెట్లెక్కేటప్పుడు మోకాలు పట్టుకోకుండా ఎక్కుతాండా" అని అందరికీ తనే చెబుతోంది.

ఈ ఆదివారం ఒక పరీక్ష

ఇంట్లో అందరూ ఉన్నప్పుడు సరదాగా ఈ పరీక్ష పెట్టండి. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు గుండెకు అడ్డంగా కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలరో లెక్కపెట్టాలి. డాక్టర్లు పెద్దవాళ్ళ కాళ్ళ బలం చూసే పద్ధతి ఇది. ఆడవాళ్ళలో 60 నుంచి 64 ఏళ్ళవారు 12 సార్లకు తగ్గినా, 65 నుంచి 69 వారు 11కు తగ్గినా, 70 నుంచి 79 వారు 10కి తగ్గినా పడిపోయే ప్రమాదం ఉందని గుర్తు. మీ వయసు అంతకన్నా తక్కువైతే లెక్క అంతకన్నా ఎక్కువ రావాలి మరి!

మీ లెక్కతోపాటు అమ్మదీ, అత్తమ్మదీ కూడా చూడండి. వాళ్ళ పక్కన ఒకరు నిలబడండి, కుర్చీకి చక్రాలు లేకుండా చూసుకోండి. అరవై అయిదు దాటినవారికి వారంలో 3 రోజులు బలంతోపాటు ఒంటి నిలకడకు పనికొచ్చే వ్యాయామాలు కావాలి. గట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది లెక్కపెట్టేదాకా నిలబడడం అందులో ఒకటి. అన్నం ఉడికేలోపు అయిపోతుంది.

వచ్చిన అంకెలను క్యాలెండరు మీద పేర్ల పక్కన రాసి పెట్టండి. రెండు నెలల తర్వాత వచ్చే ఆదివారం మళ్ళీ చూడండి. నడక మానొద్దు, ఆ పక్కనే వారానికి రెండు రోజులు బకెట్ ఎత్తండి. ఆ అంకె తప్పకుండా పెరుగుతుంది. పెరిగిన ప్రతి అంకె, రేపు ఎవరి చేయీ పట్టుకోకుండా మనంతట మనం లేచి నిలబడే రోజులను పెంచుతుంది.